ఆకాశంలో నాలుగు నిమిషాలు, నేల మీద గంట

సంపాదకులు గారికి,
నమస్కారం.

విశాఖ విమానాలు విజయనగరం జిల్లా భోగాపురంలోని కొత్త విమానాశ్రయానికి మారడం గురించి పత్రికల్లో ఎంతో రాస్తున్నారు గాని, అసలు ప్రయాణికుడికి పట్టే సమయం మాట ఎక్కడా సరిగ్గా కనబడటం లేదు. ఆ ఒక్క విషయమే మీ దృష్టికి తేవాలని ఈ లేఖ.

విశాఖ, శంషాబాద్ విమానాశ్రయాల మధ్య సూటిగా కొలిస్తే దూరం సుమారు 510 కిలోమీటర్లు. విమానం గాలిలో ఉండేది గంటలోపే. టికెట్టు మీద గంటా పది, గంటా ఇరవై నిమిషాలని వేస్తారు. విమానం ఇక్కడ కదిలింది మొదలు అక్కడ ఆగేదాకా పట్టే సమయం అది, రన్‌వే దాకా మెల్లగా సాగడం, వంతు కోసం ఆగడం అందులోనే కలిసి ఉంటాయి. ఇంటి నుంచి ఇంటికి పట్టే సమయాన్ని మాత్రం ఎవరూ లెక్కకట్టి చెప్పరు. గాజువాకలో ఉండే నేను గత ఏడాది మా అమ్మను వైద్యానికి హైదరాబాద్ తీసుకువెళ్ళినప్పుడు ఉదయం 6 గంటలకు ఇల్లు వదిలి, మధ్యాహ్నం 12 దాటాక ఆసుపత్రికి చేరాను. విమానాశ్రయం మాకు అంత దగ్గరగా ఉండి కూడా ఆరు గంటలు పట్టింది. వందే భారత్ రైలు సికింద్రాబాద్‌కు ఎనిమిదిన్నర గంటల్లో చేరుస్తుందన్నది ఇక్కడ గుర్తుచేసుకోవాలి.

ఇప్పుడు భోగాపురం సంగతి. అక్కడి నుంచి శంషాబాద్‌కు ఆకాశమార్గం ముప్పై నలభై కిలోమీటర్లు మాత్రమే పెరుగుతుంది, అంటే విమానానికి మూడు నాలుగు నిమిషాల పని. నేల మీద అలా కాదు. విశాఖ నగరం నుంచి భోగాపురం దాదాపు 45 కిలోమీటర్లు. గాజువాక, కూర్మన్నపాలెం, ఉక్కునగరం వాసులు నగరమంతా దాటుకుని ఆ తరువాత జాతీయ రహదారి పట్టాలి. రద్దీ వేళల్లో ఒక గంట అదనంగా పెట్టుకోక తప్పదు. విజయనగరం, శ్రీకాకుళం వారికి ఇదే మార్పు మేలు చేస్తుంది, అందుకు నాకు నిజంగా సంతోషం. నౌకాదళ స్థావరంలో ఉన్న పాత విమానాశ్రయానికి ఉన్న ఇబ్బందులూ తెలియనివి కావు కనుక, కొత్తది వద్దని నేను అనడం లేదు.

2008లో బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారిన తరువాత హైదరాబాద్ వారికి ఆర్టీసీ పుష్పక్ బస్సులు ఎంతో ఆసరా అయ్యాయి. అలాగే గాజువాక, ఎన్ఏడీ కూడలి, మద్దిలపాలెం నుంచి తెల్లవారుజామున బయలుదేరే మొదటి విమానానికి సైతం అందేలా బస్సులు నడపాలని ఆర్టీసీ అధికారులను కోరుతున్నాను. ఏ ప్రాంతం వారు విమానానికి ఎన్ని గంటల ముందు ఇల్లు వదలాలో తెలిపే పట్టికను మీ జిల్లా పేజీలో ప్రచురించవలసిందిగా తమకు నా విన్నపం.

ఇట్లు,
ఒక పాఠకుడు,
గాజువాక, విశాఖపట్నం.