‘మీ తాలూకు ఎవరమ్మా?’: మన సంఘం 2025–26 వార్షిక నివేదిక

విజయవాడలో ఒంటరిగా బతుకుతున్న మహిళల మన సంఘం సభ్యులందరికీ నమస్కారం.

గత జూలైలో ఒక రాత్రి ఒంటిగంట దాటాక నా ఫోను మోగింది. సూర్యారావుపేటలోని ఒక ఆసుపత్రి నుంచి మన సభ్యురాలు మాట్లాడుతోంది. బ్యాంకు ఉద్యోగి, నలభై రెండేళ్లు, పెళ్లి చేసుకోలేదు. తల్లి తెనాలిలో మంచం మీద ఉంది. సాయంత్రం నుంచి కడుపునొప్పి ఓర్చుకుని, ఇక తట్టుకోలేక తనే ఆటో మాట్లాడుకుని వెళ్లింది. అపెండిక్స్ అన్నారట, తెల్లవారేలోగా ఆపరేషన్ చేయాలన్నారట. ‘అక్కా, వీళ్లు నా తాలూకు ఎవరని అడుగుతున్నారు. ఏమని చెప్పను?’ అంది. ఆ గొంతులో నొప్పికన్నా బెరుకే ఎక్కువ వినిపించింది.

కోశాధికారి, నేను వెళ్లేసరికి ఆమె చక్రాల కుర్చీలో ముందుకు వంగి కూర్చుని ఉంది. చేతిలో సమ్మతి పత్రం. రోగి సంతకం కోసం ఒక గీత, దాని కింద ‘భర్త / తండ్రి / సంరక్షకుడు’ అని ఇంకో గీత. పై గీత మీద తన సంతకం ఉంది, వణికినా బ్యాంకు సంతకమే. కింది గీత ఖాళీగా ఉంది. ఆ ఖాళీ గీత దగ్గరే అరగంటగా అంతా ఆగిపోయింది. ‘స్నేహితురాలు’ అని రాసి నేను సంతకం పెట్టాను. కౌంటర్‌లో ఉన్న అబ్బాయి ఆ మాటను రెండుసార్లు చదివి, పెద్ద డాక్టరుకు ఫోను చేసి, చివరికి లోపలికి పంపాడు. ఆపరేషన్ బాగా జరిగింది. నాలుగో రోజు ఇంటికి తీసుకొచ్చాం.

ఈ ఏడాది మన సంఘం చేసిన పనుల్లో సగానికిపైగా ఆ ఖాళీ గీత నుంచే పుట్టాయి. అందుకే నివేదికను సమావేశాల పట్టికతో కాకుండా ఆ రాత్రితో మొదలుపెట్టాను.

ఆ వారంలోనే ఒక న్యాయవాదిని పిలిపించుకుని అడిగాం. ఆమె చెప్పింది ప్రతి సభ్యురాలూ గుర్తుపెట్టుకోవాలి. స్పృహలో ఉన్న, వయసొచ్చిన మనిషి వైద్యానికి ఆ మనిషి సమ్మతే సమ్మతి. మత్తుమందు ప్రభావంలో ఉన్న నలభై నాలుగేళ్ల అవివాహిత తరఫున తల్లి చేత సంతకం చేయించుకుని, ఆమె ఒప్పుకోని శస్త్రచికిత్స కూడా చేసేసిన కేసు ఒకటుంది. ప్రాణాపాయం లేనప్పుడు ఆ సంతకం చెల్లదని సుప్రీంకోర్టు 2008లోనే తేల్చింది. కన్నతల్లి సంతకమే మన సంతకానికి బదులు కానప్పుడు, లేని భర్త సంతకం కోసం మనల్ని కూర్చోబెట్టడంలో అర్థం లేదు. అయితే మందులు తేవడానికి, రక్తం అవసరమైతే పరుగెత్తడానికి, రాత్రి పక్కన ఉండడానికి ఒక మనిషి కావాలని ఆసుపత్రి అడగడం సబబే. ఆ మనిషిని మనం సమకూర్చుకోవాలి.

అలా సమకూర్చుకున్నాం. ఆగస్టు నుంచి వంతుల పట్టిక నడుస్తోంది. పటమట, మొగల్రాజపురం, సత్యనారాయణపురం, భవానీపురం, సింగ్‌నగర్‌ – ఐదు చోట్లా ప్రతి నెలా ఇద్దరిద్దరు రాత్రిపూట ఫోను పక్కన పెట్టుకుని పడుకుంటున్నారు. ప్రతి చోటా ఒక గుడ్డసంచీ ఉంది. అందులో ఫ్లాస్కు, పలచటి దుప్పటి, తువ్వాలు, చార్జరు, కొంత చిల్లర, ఆ ప్రాంత సభ్యుల ఆధార్, ఆరోగ్య బీమా కార్డుల నకళ్లు ఒక్కొక్కటి వేరువేరు కవర్లో ఉంటాయి. కవరు మీద రక్తం గ్రూపు, వాడే మందులు, పడని మందులు రాసి ఉంటాయి. ఎవరి కవరు వాళ్లే అతికించి ఇస్తారు, అవసరం పడితే తప్ప తెరవం. మార్చి దాకా ఈ సంచీ ఆరుసార్లు బయటికి వెళ్లింది. రెండుసార్లు ఆసుపత్రిలో అదే ప్రశ్న ఎదురైంది. ‘మీ తాలూకు ఎవరమ్మా?’ అని అడిగితే, మనవాళ్లు సంచీ చూపించి ‘మేమే’ అన్నారు.

ఇదే ప్రశ్న అద్దె ఇళ్ల దగ్గర వేరే రూపంలో వస్తుంది. ‘ఇంట్లో ఎవరెవరు ఉంటారమ్మా?’ అంటారు. ఒక్కదాన్నే అని చెప్పగానే అప్పటిదాకా చూపిస్తున్న వంటిల్లు చూపించడం ఆపేస్తారు. మగదిక్కు లేనివాళ్లకు ఇవ్వమని కొందరు ముఖం మీదే చెబుతారు, కొందరు ఇప్పుడే ఎవరో అడ్వాన్సు ఇచ్చారంటారు. మన సభ్యుల్లో ఒక టీచరు ఈ ఏడాది పటమటలో, మొగల్రాజపురంలో పద్నాలుగు ఇళ్లు చూసింది. పదిహేను సంవత్సరాలుగా నెల తప్పకుండా జీతం అందుకుంటున్న మనిషి, సిగరెట్ వాసన కూడా గిట్టని మనిషి, ‘మా ఇంటికి ఎవరూ రారండీ’ అని ముక్కూ మొహం తెలియని యజమాని ముందు సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ మాట చెప్పాల్సి వచ్చినందుకు తర్వాత నా దగ్గర కన్నీళ్లు పెట్టుకుంది. మనింటికి ఎవరైనా వస్తారు. అన్నలు వస్తారు, స్నేహితులు వస్తారు, తోటి ఉద్యోగులు వస్తారు. రావాలి కూడా.

ఈ విషయంలో మనం సాధించింది తక్కువ. మన సభ్యులకు ఇళ్లిచ్చిన యజమానులను అడిగి, ఇవ్వడానికి ఇష్టపడే మరికొందరి వివరాలు సేకరించాం. పదకొండు నెలల ఒప్పందం తెలుగులో, చదివితే అర్థమయ్యేలా నమూనా రాయించాం. వచ్చేవాళ్లపోయేవాళ్ల మీద ఆంక్షలు పెట్టే షరతులు అందులో ఉండవు. ఆ నమూనాతో నలుగురికి ఇళ్లు దొరికాయి. ఉద్యోగినుల వసతిగృహాల్లో చోటు కోసం ఎదురుచూస్తున్నవాళ్లు మాత్రం అలాగే ఉన్నారు. కేంద్రం ఉద్యోగినుల హాస్టళ్ల పథకాన్ని 1972–73లో మొదలుపెట్టింది. ఇప్పుడు దాని పేరు సఖీ నివాస్. మన నగరం ఈ యాభై ఏళ్లలో ఎంత పెరిగిందో మనకు తెలుసు. వసతి ఆ మేరకు పెరగలేదని ప్రతి నెలా మనకొచ్చే ఫోన్లే చెబుతున్నాయి. ఈ విషయమై జిల్లా కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చాం, మళ్లీ ఇస్తాం.

ఆగస్టు 15న రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం మొదలైంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. బీసెంట్‌రోడ్డులో బట్టల దుకాణాల్లో పనిచేసే మన చెల్లెళ్లకు ఇది ఎంత మేలు చేసిందో వాళ్ల నోటే వినాలి. ఒకమ్మాయి మిగిలిన బస్సు డబ్బులతో నెలనెలా చీటీ కడుతోంది. తన పేరు మీద, తన కోసం కడుతున్న మొదటి చీటీ అది. రాత్రి దుకాణం మూసేసరికి బస్సులు పలచబడతాయన్నది మాత్రం ఇంకా తీరని బాధ. డిపోకు రాసిచ్చాం, సమాధానం రావాలి.

ఆ దుకాణాల్లోనే ఇంకో సంగతి. ఉదయం పది నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా నిలబడే ఉండాలి. బేరం లేనప్పుడు కూడా కూర్చోకూడదు. కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే హక్కు ఇస్తూ చట్టాలు సవరించాయి. ఆ సంగతి చెబుతూ మనవాళ్లు దసరా ముందు తొమ్మిది దుకాణాల యజమానులను కలిశారు. ఇద్దరు స్టూళ్లు వేయించారు. ఒక దుకాణంలో చీరల అరల వెనక మూడు స్టూళ్లు చూశాను. ముప్ఫై ఏళ్ల అమ్మాయి, అప్పటికే మోకాలికి పట్టీ, ఒక స్టూలు మీద కూర్చుని చీర మడతపెడుతోంది. నన్ను చూసి అలవాటుగా లేవబోయి, మళ్లీ కూర్చుంది.

ఉద్యోగంలో వేధింపుల విషయంలో ఈ ఏడాది ఇద్దరికి తోడు నిలిచాం. వివరాలు రాయను. చట్టం మాత్రం మరోసారి చెబుతాను, ఎందుకంటే ప్రతి సమావేశంలో అడుగుతున్నారు. 2013 నాటి చట్టం ప్రకారం పది మంది, అంతకుమించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి, దానికి మహిళే అధ్యక్షత వహించాలి. అంతకన్నా తక్కువమంది ఉన్నచోట పనిచేసేవాళ్లు జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్లవచ్చు. ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి. ‘మా ఆఫీసులో ఉన్నదే ఆరుగురం, మాకు ఎవరున్నారు’ అనుకుని ఊరుకోవద్దు.

వేధింపు అని పేరు పెట్టలేని ఇంకో బరువు ఉంది. ‘నీకేం, పిల్లాజెల్లానా’ అన్న మాట. పండగ రోజు డ్యూటీ మనకే, మార్చి నెలాఖరు రాత్రి లెక్కలు మనకే, బదిలీ వస్తే ముందు మన పేరే. ఇంటి దగ్గరా అంతే. అమ్మకు కంటి ఆపరేషన్ అయితే సెలవు పెట్టాల్సింది మనం, తమ్ముడి పిల్లల ఫీజుకు సర్దాల్సింది మనం. చేయకూడదని కాదు, అమ్మకు చేయడం మనకు బరువేమీ కాదు. కానీ మన తీరిక, మన డబ్బు అందరి ఉమ్మడి ఆస్తి అన్నట్టు, ‘ఏమిటి, ఎలా ఉన్నావు’ అని అడగకుండానే ఆ పనులన్నీ మన మీద పడేస్తారు. అక్టోబరు సమావేశం అంతా దీని మీదే నడిచింది. ఎవరూ మధ్యలో లేవలేదు. టీ చల్లారిపోయింది.

నవంబరులో జరిగిన వీలునామా తరగతి గురించి వివరంగా రాయాలి. హిందూ వారసత్వ చట్టంలో పదిహేనో సెక్షన్ ఏం చెబుతుందో న్యాయవాది బోర్డు మీద రాసి చూపించారు. వీలునామా రాయకుండా స్త్రీ చనిపోతే, ఆమె సంపాదించుకున్న ఆస్తి ముందు పిల్లలకు, భర్తకు వెళుతుంది. వాళ్లు లేకపోతే భర్త వారసులకు. ఆ తర్వాతే ఆమె తల్లిదండ్రులకు. భవానీపురంలో ఉండే మన నర్సమ్మ లేచి నిలబడింది. ఇరవై ఆరో ఏట భర్త పోయాడు, పిల్లలు లేరు. అత్తవారు ఆ నెలలోనే పుట్టింటికి పంపేశారు. ముప్ఫై ఏళ్లు రాత్రి డ్యూటీలు చేసి రెండు గదుల ఫ్లాటు కొనుక్కుంది. ‘అంటే నా ఫ్లాటు నా తల్లికి కాకుండా వాళ్లకు పోతుందా?’ అని అడిగింది. అవునన్నారు.

మర్నాడే ఆమె వీలునామా రాసింది. స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షుల సంతకాలు చాలు. ఆస్తి పొందేవాళ్లను సాక్షులుగా పెట్టకపోవడం మేలన్నారు. తెల్లకాగితం మీద, నర్సులు రోగి చార్టు రాసే గుండ్రటి అక్షరాలతో, తన చేత్తోనే రాసుకుంది. సాక్షుల్లో నేనొకదాన్ని. చివరి వాక్యం దగ్గర కలం ఆపి, ‘ఎవరిమీదా కోపంతో రాయడం లేదు’ అని ఒక వాక్యం అదనంగా చేర్చింది. చట్టానికి ఆ వాక్యంతో పని లేదు. ఆమెకు ఉంది.

పెళ్లి కాని ఆడపిల్లల హక్కు విషయంలో మన రాష్ట్రం ఒకప్పుడు దేశానికి దారి చూపింది. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లి కాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇచ్చిన సవరణ మనదే. దేశమంతటికీ అది రావడానికి 2005 దాకా పట్టింది. పెద్ద వయసు సభ్యుల్లో కొందరికి ఆ వాటా కాగితం మీద ఉండి చేతికి రాలేదు. వాళ్ల పత్రాలను న్యాయవాది ఉచితంగా చూస్తున్నారు.

బ్యాంకు ఖాతాలకు నవంబరు 1 నుంచి నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. నామినీ డబ్బు తీసుకుంటారే గాని వారసులైపోరు, అది వేరు. వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ సెప్టెంబరు 22 నుంచి లేదు. ఇంకా పాలసీ తీసుకోనివాళ్లు దయచేసి తీసుకోండి. పిల్లల్ని ఒంటిచేత్తో పెంచుతున్న తల్లులకు: పాన్ దరఖాస్తులో తండ్రి పేరు తప్పనిసరి కాదని 2018 డిసెంబరు నుంచి నిబంధన ఉంది. పాస్‌పోర్టుకూ తల్లిదండ్రుల్లో ఒక్కరి పేరు చాలు. కౌంటర్‌లో కాదంటే మాకు ఫోను చేయండి.

సంక్రాంతికి సత్యనారాయణపురంలో ఒక సభ్యురాలి ఇంట్లో బొమ్మల కొలువు పెట్టాం. కొండపల్లి బొమ్మలు, అందులో అంబారీ ఏనుగు ఆమె బామ్మ నాటిది. పేరంటానికి పెళ్లికానివాళ్లు, భర్త పోయినవాళ్లు, విడిపోయినవాళ్లు, అందరూ వచ్చారు. మొదటి తాంబూలం మన నర్సమ్మకు ఇచ్చాం. ముప్ఫై ఏళ్లుగా పేరంటాల్లో గుమ్మం బయటే నిలబడిన మనిషి ఆమె. బొట్టు పెట్టబోతే ఒక్క క్షణం వెనక్కి జరిగింది. తర్వాత కళ్లు మూసుకుని నుదురు ముందుకు చాచింది. నాకు తెలిసి ఈ సంఘం పెట్టాక ఇంతకన్నా మంచి రోజు లేదు.

ఫిబ్రవరిలో గుంటూరు వెళ్లి, 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు ఆడవాళ్ల చదువు కోసం స్థాపించిన శారదా నికేతనం చూసి వచ్చాం. తిరుగు ప్రయాణంలో బస్సంతా పాటలే.

జమాఖర్చులు కోశాధికారి సభలో చదువుతారు. బుడమేరు పొంగిన 2024 సెప్టెంబరులో సింగ్‌నగర్‌లో మనవాళ్లు నీళ్లలో చిక్కుకున్నప్పుడు మొదలుపెట్టిన అత్యవసర నిధిని ఈ ఏడాది మూడుసార్లు వాడాం, తీసుకున్నవాళ్లు ఇద్దరు అప్పుడే తిరిగి కట్టేశారు. వచ్చే ఏడాదికి రెండు పనులు ముందున్నాయి. ఒకటి, పదవీ విరమణకు దగ్గరపడినవాళ్లు పక్కపక్క ఫ్లాట్లలో ఉండే ఏర్పాటు. ఎనిమిదిమంది పేర్లిచ్చారు, స్థలం చూస్తున్నాం. రెండు, ఆసుపత్రులు సమ్మతి పత్రంలో ఆ కింది గీత దగ్గర ‘రోగి సూచించిన వ్యక్తి’ అని మార్చాలని కోరుతూ ఉత్తరాలు. ముసాయిదా సిద్ధంగా ఉంది, సభలో చదివి సంతకాలు తీసుకుంటాం.

ఏప్రిల్ వంతుల పట్టిక దీనికి జతచేశాను. పటమట సంచీ ఈ నెల ఆ బ్యాంకు చెల్లెలి దగ్గర ఉంటుంది. తనే అడిగి తీసుకుంది.

– కార్యదర్శి, విజయవాడ