విషయం: నేను మూయమనని ఫిర్యాదును మీరు నాలుగుసార్లు మూసేయడం గురించి

విశాఖపట్నం,
జనవరి 20

కస్టమర్ కేర్ పెద్దలకు,

డాబాగార్డెన్స్‌లో స్టిక్కర్ కటింగు, బోర్డుల కొట్టు నాది. ఫొటోల ఫార్మాట్ మార్చే మీ సాఫ్ట్‌వేర్‌కి మూడేళ్లుగా ఏటా డబ్బు కడుతున్నాను. జగదాంబ దగ్గర ఇద్దరు కొట్లవాళ్లకి నేనే చెప్పి కొనిపించాను. ఇప్పుడు వాళ్లు ఎదురైతే సందు మారుతున్నాను.

జరిగింది చిన్నదే. ఏటికొప్పాక బొమ్మలమ్మే ఒకాయన, సంక్రాంతి బొమ్మల కొలువుల అమ్మకాలకి పెట్టెల మీద బొమ్మ ఆకారంలోనే స్టిక్కర్లు కావాలన్నాడు. లక్క రంగులు సరిగ్గా రావాలని ఫొటోలు రా ఫార్మాట్‌లో, అంటే కెమెరా పట్టింది పట్టినట్టు ఉండేలా తీశాను. రా ఫొటోని నేరుగా ఎస్‌వీజీజెడ్, అంటే బొమ్మను గీతలుగా దాచే ఎస్‌వీజీ ఫైల్‌ని జిప్ చేసిన రకం, చేసిస్తామన్నది మీ ప్రకటన. చేసిచ్చారు. కట్టర్‌కి పెడితే కత్తి కదల్లేదు. "ఇందులో గీతే లేదండి, ఏటి కొయ్యమంటారు?" అన్నాడు మా కుర్రాడు. విప్పి చూస్తే, ఫొటోని జేపెగ్ చేసి, ఎస్‌వీజీ అనే సంచిలో కుక్కి, మూతి కట్టారు. జేపెగ్ అప్పటికే నలిగిన సరుకు, పైన ఎంత జిప్ చేసినా తగ్గేదేముంది?

సరే, సాఫ్ట్‌వేర్ అన్నాక తప్పులుంటాయి. నా మంట దానికి కాదు.

నవంబర్ 28న చాట్‌లోకి వచ్చాను. మొదటాయన బ్రౌజర్ క్యాష్, అంటే అది దాచుకున్న పాత ఫైళ్లు, తుడవమన్నాడు. మీది కంప్యూటర్లో ఎక్కించుకునే ప్రోగ్రాము కదా బాబూ, బ్రౌజర్ ఎక్కడుంది అంటే, "మీ ఓపికకు ధన్యవాదాలు" అని వెళ్లిపోయాడు. నా ఫిర్యాదు టికెట్ మూశారు.

రెండోసారి ఫోను. నలభై నిమిషాలు పాట వినిపించారు. మధ్యమధ్యలో నా కాల్ మీకెంతో ముఖ్యమట. దొరికినావిడ ఫైల్ మెయిల్ చేయమంది. ఫైల్ నలభై ఎంబీ, జీమెయిల్ పాతిక దాటితే నేరుగా పట్టదు, డ్రైవ్ లింకు పంపనా అన్నాను. బయటి లింకులు తెరవకూడదట, వాళ్ల రూలు. పోనీ ఏం చేయమంటారు? "చిన్న ఫొటో, జేపెగ్ అయితే పంపండి సార్." రా ఫైల్ మారడం లేదన్న ఫిర్యాదుకి జేపెగ్ సాక్ష్యం! పంపలేదు కాబట్టి మూశారు.

మూడోసారి తెలుగులో రాస్తే తెలుగులోనే జవాబొచ్చింది. "మీ పచ్చి చిత్రం మాకు అందింది." పచ్చి చిత్రమట! మామిడికాయా అది? మా ఆవిడ ఆ వాక్యం చదివి నేనేం ఫొటోలు తీస్తున్నానోనని నన్ను ఎగాదిగా చూసింది. రెండ్రోజులకి అదీ మూశారు.

నాలుగోసారి సీనియర్ అన్నాయన వచ్చాడు. ఎస్‌వీజీలో ఫొటో కూడా పెట్టొచ్చు, స్టాండర్డ్ ఒప్పుకుంటుంది, కాబట్టి తప్పేమీ లేదన్నాడు. ఒప్పుకుంటుంది, నాకూ తెలుసు. 2001 నుంచీ ఉన్న స్టాండర్డ్ అది. పెళ్లి భోజనానికి పిలిచి బియ్యం బస్తా చూపించి, ఇదీ అన్నమే అన్నట్టుంది. ఫొటోని గీతలుగా మార్చడమంటే రంగుల అంచులు వెతికి దారులు గీయడం, అది చేస్తారా చేయరా అని అడిగాను. జవాబు లేదు. అయిదు నక్షత్రాలు ఇమ్మని సర్వే మాత్రం వచ్చింది.

చివరికి రెండు రాత్రులు కూర్చుని బొమ్మల అంచులు చేత్తోనే గీసుకున్నాను. భోగి ముందు రోజు సరుకిచ్చాను. ఆ రోజే మీరు వచ్చే ఏటి చందా నా ఖాతాలోంచి కోసుకున్నారు. ఆ పనికి మాత్రం క్యాష్ తుడవక్కర్లేదు, టికెట్ అక్కర్లేదు!

డబ్బు వెనక్కిస్తారో మానతారో మీ ఇష్టం. అసలు అడిగేది ఒకటే, నా ఫైల్ తెరిచి చూసిన మనిషి ఎవరైనా ఉంటే, ఆ మనిషి ఒక్కసారి నాకు ఫోను చేయాలి. పది రోజులు చూస్తాను. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేస్తాను. అక్కడా తేలకపోతే మా జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 చట్టం ప్రకారం నేనుండే ఊళ్లోనే కేసు వేయొచ్చు, మీ చందాపాటి మొత్తానికి ఫీజు కూడా లేదు. మీ లాయరుగారే విశాఖ రావాలి. వస్తే ఆర్కే బీచ్ నేనే చూపిస్తాను, అతిథి మర్యాద మాకుంది.

ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులో కూడా పంపుతున్నాను. దీన్నైనా మూసేసే ముందు ఒకసారి తెరవండి.

ఇట్లు,
మీ మెయిళ్లలోని "ప్రియమైన వినియోగదారుడు"