గ్యారేజీలో పడవ కడుతున్నా మావా

ఒరేయ్ మావా,

మొన్న ఫోన్లో నువ్వడిగినవాటికి సగం కూడా చెప్పలేకపోయా, అందుకే తీరిగ్గా రాస్తున్నా. అవును, నిజంగానే గ్యారేజీలో పడవ కడుతున్నా. కెనూ అంటారు కదా అదే, 16 అడుగులది, ఇద్దరు కూర్చుని చెరో తెడ్డు వేసుకునేది. చలికాలమంతా కారు బయట మంచులోనే ఉంది, ఇంట్లో ఆ విషయం మీద చర్చ నడుస్తూనే ఉంది, నేను మాత్రం ఆఫీస్ అయిపోగానే గ్యారేజీలోకే.

కొల్లేట్లో తాటిదోనె తొలిచినట్టేనా అన్నావు చూడు, అసలు తేడా అక్కడే ఉంది. మనవైపు తాటి మొద్దు తీసుకుని లోపల తొలుచుకుంటూ పోతారు, మిగిలిందే దోనె. ఇక్కడ ఖాళీ చోట మొదలుపెట్టి సన్నటి బద్దలు ఒకదాని మీద ఒకటి అంటించుకుంటూ పోవాలి. బద్ద మందం పావు అంగుళం, వెడల్పు ముప్పావు అంగుళం, అంతే. కర్ర వెస్ట్రన్ రెడ్ సెడార్, చేత్తో పట్టుకుంటే బరువే తెలీదురా, టేకులో దగ్గరదగ్గర సగం ఉంటుందేమో. ప్రతి బద్దకీ ఒక అంచు గుండ్రంగా, రెండో అంచు గాడిలా రూటర్‌తో, అంటే కర్ర అంచుల్ని చెక్కే మిషన్‌తో, తీసుకుంటాం, అప్పుడు పడవ ఒళ్ళు ఎంత వంపు తిరిగినా ఒకదాన్లో ఒకటి కూర్చుంటాయి, సందు కనపడదు.

ఈ పద్ధతికి ఇక్కడ అమెరికాలో, మా మిన్నెసోటాలో పెద్ద కథే ఉంది. సెడార్ బద్దలతో పడవలు కెనడాలో పీటర్‌బరో వైపు 1800ల చివర్లోనే కట్టేవాళ్ళు, కానీ బద్దల మీద ఫైబర్‌గ్లాస్ గుడ్డ పరిచి రెసిన్ (ఆరితే గట్టిపడే జిగురు లాంటిది) పట్టించే పద్ధతిని 1950లు, 60ల్లో జీన్ జెన్సన్ లాంటి ఇక్కడి కెనూ పందేల రేసర్లు బాగా ముందుకి తీసుకెళ్ళారు. వాళ్ళకి కావాల్సింది తేలిగ్గా, వేగంగా పోయే పడవ. ఆ పద్ధతి వల్లే పడవ కట్టడం నాలాంటి వాడి గ్యారేజీ దాకా వచ్చింది. నేను ఎంచుకున్న షేప్ పేరు ప్రాస్పెక్టర్, కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్‌లో చెస్ట్‌నట్ అనే కంపెనీ కట్టేది, ఆ కంపెనీ 1970ల చివర్లో మూతపడింది గానీ ఆ షేప్‌ని మాత్రం జనం వదల్లేదు, బరువెంత వేసినా నిలకడగా ఉంటుందని.

పని ఎలా ఉంటుందంటే, ముందు పొడుగ్గా తిన్నగా ఒక చట్రం కట్టి దాని మీద అడుగుకొకటి చొప్పున ప్లైవుడ్ అచ్చులు నిలబెడతాం, పడవని అడ్డంగా కోస్తే ఎలా కనపడుతుందో ఒక్కో అచ్చు అలా ఉంటుంది. పడవ బోర్లా తయారవుతుందన్నమాట. అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే మావా, నేను గట్టిగా నమ్మేది కూడా ఇదే. బద్దలు అంటించడం ఎవరైనా చేస్తారు, అచ్చుల వరస కుదరడమే పడవ. ఒక అచ్చు కాస్త పక్కకి జరిగినా దాని మీద వంగిన బద్ద చెప్పేస్తుంది. ఒక చివర మోకాళ్ళ మీద కూర్చుని ఒక కన్ను మూసి బద్ద పొడుగునా చూస్తే చాలు, టేపు పట్టుకోలేని తేడా కంటికి దొరుకుతుంది. వారాలు పట్టినా ఫర్లేదు అని అక్కడే కూర్చున్నా, ఆ టైమ్ ఒక్క నిమిషం కూడా వృథా అనిపించలేదు.

బద్దలైపోయాక చిత్రిక, ఆ తర్వాత సాండింగ్. సెడార్ పొడి మాత్రం ఊపిరితిత్తులకి మంచిది కాదు, ఆస్తమా వస్తుంది కొందరికి, అందుకని మంచి మాస్క్ లేకుండా గ్యారేజీలో అడుగు పెట్టను, పిల్లల్ని రానివ్వను.

ఇక గ్లాస్ వేసే రోజు! పొడి గుడ్డ తెల్లగా ఉంటుంది, కర్ర కనపడకుండా కప్పేస్తుంది, దాని మీద ఎపాక్సీ, అంటే ఇందాక చెప్పిన రెసిన్, పోసి స్క్వీజీ అనే రబ్బరు పలకతో లాగుతుంటే తెలుపంతా మాయమైపోయి కింద సెడార్ ఎరుపు, తేనె రంగు, ముదురు గోధుమ చారలు అన్నీ ఒక్కసారి బయటికొస్తాయి, నేను అరిచేశా తెలుసా, మా ఆవిడ కంగారుగా పరిగెత్తుకొచ్చింది. ఒక కిటుకు గుర్తుపెట్టుకో, గది చల్లబడే టైమ్‌లోనే రెసిన్ వేయాలి. వేడెక్కుతుంటే కర్రలోని గాలి వ్యాకోచించి బయటికొచ్చి బుడగలు కడుతుంది, చల్లబడుతుంటే రెసిన్‌నే లోపలికి పీల్చుకుంటుంది. అందుకే పొద్దున హీటర్ పెట్టి సాయంత్రం కట్టేసి అప్పుడు మొదలుపెట్టా.

ఇప్పుడు పడవ వెల్లకిలా తిప్పి ఉంది, లోపలి గ్లాస్, యాష్ కర్రతో అంచులు, సీట్లు, మధ్యలో భుజాల మీద మోసుకెళ్ళే కాడి, ఇవి మిగిలాయి. అంతా అయ్యాక పాతిక కిలోలు, అటూ ఇటూ. ఆ బరువు ఎందుకంత పట్టింపు అంటే మా రాష్ట్రంలోనే ఉత్తరాన ఈలీ అనే ఊరి దగ్గర బౌండరీ వాటర్స్ అని వెయ్యికి పైగా చెరువులున్న అడవి ఉంది, చాలా చెరువుల్లో మోటార్ పడవలు రానివ్వరు, ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి పడవని నెత్తికెత్తుకుని నడవాలి. ఆ నడకల దూరాన్ని ఇప్పటికీ రాడ్లలో చెప్తారు, రాడ్ అంటే 16.5 అడుగులు, దాదాపు ఒక పడవ పొడవు. ఆ దారులు ఇక్కడి ఆదివాసులైన ఒజిబ్వే వాళ్ళవి, బిర్చ్ బెరడుని స్ప్రూస్ వేళ్ళతో కుట్టి పడవలు కట్టినవాళ్ళు, ఇప్పటికీ కడుతున్నారు. నా పడవ షేప్‌కి మూలం అలాంటి పడవలే, ఆ మాట పిల్లలకి చెప్తూనే ఉంటా.

నువ్వు కట్టాలంటే మాత్రం సెడార్ కోసం వెతకొద్దు, అంత ఖర్చు అనవసరం. ఐఎస్ 710 అని ముద్ర ఉన్న మెరైన్ ప్లై, అంటే నీళ్ళకి తట్టుకునే ప్లైవుడ్, 4 ఎంఎం తీసుకో, ముక్కలు కోసి అంచులకి బెజ్జాలు పెట్టి రాగి తీగతో కుట్టి, సందుల్లో ఎపాక్సీ నింపి గ్లాస్ టేపు వేస్తే పడవైపోతుంది, అచ్చులు పెద్దగా అక్కర్లేదు. మన వేడికి ఎపాక్సీ డబ్బాలోనే ఉడికిపోతుంది కాబట్టి దాన్లో కలిపే హార్డెనర్ (గట్టిపరిచే మందు) నిదానంగా పనిచేసే స్లో రకం అడుగు, కొంచెం కొంచెం కలుపు, కలిపింది వెంటనే వెడల్పాటి ట్రేలో పోసెయ్. పైన వార్నిష్ తప్పనిసరి, ఎండకి ఎపాక్సీ పాడైపోతుంది.

మీ రొయ్యల మేత షెడ్డు పొడవెంతో కొలిచి చెప్పు, 14 అడుగుల పడవ పట్టి చుట్టూ మనిషి తిరగడానికి చోటుంటే దానికి సరిపడే డ్రాయింగ్ చూసి పంపిస్తా. సంక్రాంతికి వచ్చినప్పుడు కోయడం ఇద్దరం కలిసి మొదలుపెడదాం.

ఉంటా మరి, అత్తకి, పిల్లలకి అడిగానని చెప్పు.