మా అమ్మ గుండె కవాటం మార్పిడికి తోడు నిలిచినవారందరికీ కృతజ్ఞతలు

ఎనభై దాటిన మా అమ్మకు ఇటీవల హైదరాబాదులో ఛాతీ కోయకుండా, తొడ దగ్గరి ధమని గుండా గొట్టం పంపి, గుండెలోని బృహద్ధమని కవాటాన్ని మార్చారు. వైద్యులు టావీ అని పిలిచే ఈ చికిత్స అయ్యాక ఆమె ఇప్పుడు తెనాలిలోని ఇంట్లో కోలుకుంటున్నది. సాయం చేసినవారందరికీ విడివిడిగా చెప్పుకోవలసిన మాటే అయినా, ఇదే వ్యాధితో బాధపడుతున్న పెద్దవాళ్లున్న ఇళ్ల నుంచి కొందరు వివరాలు అడుగుతున్నందువల్ల, మాకు తెలిసిన సంగతులు కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మొదటి నమస్కారం తెనాలిలోని మా కుటుంబ వైద్యులకు. చూడవచ్చిన వారందరూ అమ్మ ఆయాసాన్ని వయసు ఖాతాలో వేస్తుండగా, ఆయన స్టెతస్కోపు ఛాతీ మీదా మెడ మీదా పెట్టి చాలాసేపు విని, ఇది వయసు కాదు, వాల్వు అన్నారు. ఆయన రాసిన ఎకో పరీక్షలో, కవాటం రెక్కల మీద సున్నం పేరుకొని ద్వారం 1 చదరపు సెంటీమీటరుకన్నా తక్కువకు కుంచించుకుపోయిందని తేలింది. ఆరోగ్యంగా ఉన్నవారిలో అది 3 నుంచి 4 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. ఆయాసం, ఛాతీ నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం మొదలైన తరువాత కవాటం మార్చకుండా వదిలేస్తే చాలామందికి మిగిలేది కొద్ది సంవత్సరాలేననీ, మందులు ఒంట్లో నీరు తగ్గించగలవే తప్ప బిగుసుకున్న కవాటాన్ని తెరవలేవనీ ఆ రోజు ఆయన కుర్చీ దగ్గరకు లాక్కొని వివరంగా చెప్పారు.

హైదరాబాదులో మాకు చికిత్స చేసిన హృద్రోగ నిపుణులకూ, శస్త్రవైద్యులకూ, మత్తు వైద్యులకూ మేము రుణపడింది వారి చేతి నేర్పుకు మాత్రమే కాదు. ఫలితాల గురించి వారు ఏదీ దాచకుండా మాట్లాడారు. ఫ్రాన్సులోని రూవాన్ నగరంలో అలెన్ క్రిబియే అనే వైద్యుడు 2002లో మొదటిసారి ఈ విధంగా కవాటం అమర్చిన నాటి నుంచి ఇప్పటివరకు ఏయే రోగులలో ఏమి తేలిందో ఓపికగా వివరించారు. ఓపెన్ హార్ట్ ఆపరేషన్‌కు తట్టుకోలేరని తేల్చిన వృద్ధుల మీద జరిగి 2010లో వెలువడిన అధ్యయనంలో, మామూలు వైద్యం పొందినవారిలో ఏడాదిలోపు సగం మంది మరణించగా, టావీ చేయించుకున్నవారిలో మరణించింది సుమారు 31 శాతం. నూటికి ఇరవై మంది అదనంగా బతికారని సంతోషించవచ్చు గాని, చికిత్స అందిన తరువాత కూడా ముప్పై మంది ఏడాది దాటలేదన్న సంగతి కూడా మీకు తెలియాలని ఆ వైద్యులే అన్నారు. ఇల్లు తాకట్టు పెట్టడానికైనా సిద్ధపడి వచ్చిన కొడుకుతో ఆ రెండో మాట చెప్పాలంటే నిజాయితీ కావాలి.

ఆ అధ్యయనంలోనివారు అమ్మకన్నా బాగా నీరసించినవారు. ఆపరేషన్ ప్రమాదం తక్కువగా ఉన్న వెయ్యి మంది మీద జరిపి 2019లో ప్రచురించిన మరో అధ్యయనంలో, మరణం, పక్షవాతం, మళ్లీ ఆసుపత్రిలో చేరడం మూడూ కలిపి చూస్తే, ఏడాదికి టావీ వైపు 8.5 శాతం, శస్త్రచికిత్స వైపు 15.1 శాతం ఉన్నాయి. అయిదేళ్లు గడిచేసరికి ఆ తేడా బాగా తగ్గిపోయిందనీ, ఏది మేలో ఖాయంగా చెప్పలేనంతగా రెండూ దగ్గర పడ్డాయనీ కూడా వారు దాచలేదు. మా అమ్మ పరిస్థితి ఈ రెండింటికీ నడుమ ఎక్కడో ఉందని చెప్పి, ఆమెను 5 మీటర్ల దూరం నడిపించి ఎంతసేపు పట్టిందో చూశారు, పళ్లు పరీక్ష చేయించారు, సీటీ స్కాన్‌కు ఎక్కించే రంగు మందును మూత్రపిండాలు తట్టుకుంటాయో లేదో ముందే చూసుకున్నారు. చివరకు పెద్ద వైద్యులు ఆమెనే, "అమ్మగారూ, ఇదంతా అయ్యాక మీరు ఏం చేయగలిగితే చాలు?" అని అడిగారు. తన స్నానం తాను చేసుకొని, ఒకరి చెయ్యి పట్టుకోకుండా వీధి చివర గుడిదాకా నడిస్తే చాలునని ఆమె చెప్పింది. ఇన్ని పరీక్షల్లోనూ నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఆ ప్రశ్నే.

తనకు అమర్చబోయే కవాటం దేనితో చేశారని అమ్మ అడిగినప్పుడు, ఆవు గుండె చుట్టూ ఉండే పొరను శుద్ధి చేసి లోహపు చట్రానికి కుడతారని వారు ఉన్నదున్నట్టు చెప్పారు. చెప్పకుండా దాటవేసి ఉంటే మేమెవరమూ తప్పుపట్టేవాళ్లం కాదు. అమ్మ కాసేపు మాట్లాడకుండా కూర్చొని, "పంచగవ్యం పుచ్చుకున్నదాన్ని, నాకు అభ్యంతరమేమిటి నాయనా" అంది. గుజరాత్‌లోని వాపిలో మెరిల్ సంస్థ తయారుచేసే దేశీయ కవాటం గురించి కూడా అక్కడే తెలుసుకున్నాం. 768 మంది మీద జరిగిన అంతర్జాతీయ పోలిక 2024లో వెలువడిందనీ, మొదటి ముప్పై రోజుల ఫలితాలలో అది విదేశీ కంపెనీల కవాటాలకు తీసిపోలేదనీ చెప్పి, ఎంపికకు కారణాలు వివరించారు.

కవాటం అమర్చిన తరువాత గుండె లయ నెమ్మదించి, అమ్మకు శాశ్వత పేస్‌మేకర్ పెట్టవలసి వచ్చింది. కొత్త కవాటపు చట్రం గుండెలోని విద్యుత్ మార్గాన్ని ఒత్తడం వల్ల కొందరికి ఇలా అవుతుందని ముందే చెప్పి ఉండటంతో మా ఇంట్లో ఎవరూ బెంబేలెత్తలేదు. ఆ రాత్రి ఐసీయూలో ఉన్న నర్సమ్మలకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు చెప్పుకోవాలి. గొట్టం తీసిన చోట రక్తం ఊరకుండా కాలు కదలనివ్వకుండా చూస్తూ, దాహమన్నప్పుడల్లా చెంచాతో నీళ్లు పోస్తూ, మధ్యమధ్య పాదం మీద నాడి అందుతున్నదో లేదో వేళ్లతో తడిమి చూశారు. మర్నాటి నుంచి వరండాలో నడిపించిన ఫిజియోథెరపీ అమ్మాయి గట్టి మనిషి. అమ్మ బతిమాలినా చక్రాల కుర్చీ ఇవ్వలేదు.

అవసరమైతే రక్తం ఇస్తామని పనులు మానుకొని వచ్చి కూర్చున్న మా తమ్ముడి స్నేహితులకు, ఆసుపత్రికి దగ్గరలోని తమ ఇంటి తాళంచెవి మా చేతికిచ్చి వెళ్లిన వదినగారికి, కవాటం ధరే ఖర్చులో పెద్ద భాగమైన ఈ చికిత్సకు అడక్కుండానే డబ్బు సర్దిన మా బావగారికీ, నా పాత సహోద్యోగులకూ నమస్కారాలు. అప్పుగా ఇచ్చినవారి లెక్క మా దగ్గర ఉంది. వంతులవారీగా తీర్చుకుంటాం, దయచేసి వద్దనకండి.

ప్రస్తుతం అమ్మ స్నానం తానే చేసుకుంటున్నది. గుడిదాకా ఇంకా వెళ్లలేదు గాని, పక్కింటి అరుగుదాకా వెళ్లి వస్తున్నది. రోజూ ఒక ఆస్పిరిన్ వేసుకుంటున్నది. పంటి వైద్యానికి వెళ్లే ముందు యాంటీబయోటిక్ తీసుకోవాలని రాసిన కాగితాన్ని బీరువా తలుపు లోపల అంటించాం. ఆమెను చూడాలని చాలామంది అంటున్నారు. ఉదయం పది గంటల లోపు గాని, సాయంత్రం అయిదు దాటిన తరువాత గాని రావలసిందిగా మనవి. మధ్యాహ్నం ఆమె నిద్రపోతుంది. స్వీట్లు తేవద్దు, షుగరు కూడా ఉంది.