తాతయ్య సైకిల్ సీటు రాడ్డు

నాటింగ్‌హామ్,
ఆదివారం రాత్రి

ఒరేయ్ తమ్ముడూ,

తాతయ్య సైకిల్‌కి కొత్త సీటు రాడ్డు దిగట్లేదని నువ్వు పంపిన వీడియో చూశాను. ఫోన్లో చెబితే సగం విని "సరేలే అక్కా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను. ముందు ఆ సుత్తి అవతల పడెయ్. కొత్త రాడ్డు కొంచెం దిగి ఆగిపోయిందంటే లోపల ఏదో అడ్డుందని. కొడితే దిగుతుందేమో గానీ మళ్ళీ పైకి రాదు, రంపంతో కోయించుకోవాల్సిందే.

బోల్టు పూర్తిగా తీసేసి, రాడ్డు దిగే గొట్టం మూతి దగ్గరున్న చీలిక చూడు. దాని అంచులు రెండూ పైకి పోయేకొద్దీ దగ్గరపడ్డాయా? సీటు జారుతోందని ఎవరికి వాళ్ళు బోల్టు బిగిస్తూ వచ్చిన బండి అది. రాడ్డు వదులైతే రేకు ముక్క చుట్టి దించెయ్యడం మన రిపేరు షాపుల్లో మామూలే కదా. సన్న రాడ్డు మీద గట్టిగా బిగిస్తే మూతి ముడుచుకుపోతుంది. ఆ రేకు ఇంకా లోపలే అతుక్కుని ఉందేమో టార్చి వేసి చూడు.

పైగా 1986 గోదావరి వరదలో మునిగిన సైకిలు. నీళ్ళు తీశాక గొట్టాల్లోంచి ఒండ్రు కారిందని నాన్న ఎప్పుడూ చెబుతారు. ఆ ఒండ్రూ తుప్పూ కలిసి లోపల పెచ్చు కట్టి ఉంటాయి. ఒక గుడ్డ ఉండకి దారం కట్టి గొట్టంలోకి దించు, లేకపోతే రాలిన పొడంతా కింద పెడల్ ఇరుసు బాల్స్‌లోకి పోతుంది. తర్వాత కర్రకి ఉప్పుకాగితం చుట్టి తిప్పి, కిరసనాయిలు గుడ్డతో తుడిచి, దారం పట్టుకుని ఉండ లాగెయ్.

అప్పుడు గొట్టం మూతి లోపలి కొలత తీసుకో. వెర్నియర్‌తో ముందూవెనకా ఒకసారి, అడ్డంగా ఒకసారి. రెండూ ఒకటి కాకపోతే మూతి గుండ్రంగా లేనట్టే. ఇలాంటి పాత రాలీ కంపెనీ సైకిళ్ళకి ఎక్కువగా 25.4 మిల్లీమీటర్ల రాడ్డు, అంటే సరిగ్గా అంగుళం. రాడ్లు 0.2 మిల్లీమీటర్ల తేడాలతో వస్తాయి, కంటికి అన్నీ ఒకటే. రాజమండ్రిలో నీకు 25.8 అంటగట్టారేమో, అదైతే ఎంత తంటాలు పడ్డా దిగదు.

సైజు సరైనదే అయి కూడా పట్టేస్తుంటే, రాడ్డుకి పల్చగా కాటుక రాసి చేత్తో దూర్చి కాస్త తిప్పి తియ్. కాటుక ఎక్కడ చెరిగితే అక్కడే ఒత్తుతోంది. గొట్టం లోపల అక్కడ మాత్రమే ఆకురాయితో రెండు మూడు సార్లు లాగు, మళ్ళీ చూడు. అమ్మ కాటుక డబ్బా అడక్కుండా తీశావంటే నాకు సంబంధం లేదు! చీలికలో స్క్రూడ్రైవరు పెట్టి మెలిపెట్టకు, బోల్టు పట్టే చెవులు విరుగుతాయి. అప్పటికీ కాకపోతే అమలాపురంలో లేత్ పని చేసేవాళ్ళ దగ్గర రీమర్ (గొట్టం లోపల గుండ్రంగా చెక్కే పనిముట్టు) వేయించు. డ్రిల్లు పెడతానంటే బండి తీసుకుని వచ్చెయ్.

బ్యాడ్జి మీద నాటింగ్‌హామ్ అని ఉంటుంది చూడు, ఆ ఫ్యాక్టరీ స్థలంలో ఇప్పుడు యూనివర్సిటీ వాళ్ళ జూబ్లీ క్యాంపస్ ఉంది. నేను శనివారాలు వెళ్ళే వర్క్‌షాపుకి పాత రాలీలు వస్తూనే ఉంటాయి. ఇక్కడ చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్ళకి ఉక్కు గొట్టంలో అల్యూమినియం రాడ్డు ఎలా పట్టేస్తుందో చూస్తుంటాను. మనకి చల్లక్కర్లేదు, అంతర్వేది వైపు నుంచి గాలే మోసుకొస్తుంది. కాబట్టి తేలిగ్గా ఉంటుందని అల్యూమినియంది కొనకు, స్టీలుదే ఉంచు. గ్రీజు బాగా పట్టించు, ఏడాదికోసారి తీసి మళ్ళీ రాయి. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె పొయ్యకు. కోనసీమ వాళ్ళకి అన్నిటికీ అదే మందు, కానీ అది జిడ్డుగా గట్టిపడి దుమ్ము పట్టిస్తుంది.

నాన్నకి కాళ్ళు నేలకి అందాలి, సీటు కిందకే ఉంచు. నీ కోసం పైకి లేపినా, లోపల రాడ్డు అడ్డగొట్టం అతుకు దాటి కిందకి ఉండాలి, లేకపోతే బరువుకి మూతి చీలుతుంది. బోల్టు మాత్రం కొత్తది కొను, పాతది సాగిపోయి ఉంటుంది.

కొలతలు రెండూ వాట్సాప్‌లో పెట్టు, ఏ రాడ్డు కొనాలో చెబుతాను. ఆ షాపులో మార్చి ఇస్తారా, బిల్లు ఉందా? పెయింటు జోలికి మాత్రం నాన్నని అడక్కుండా వెళ్ళకు.

అక్క