మా పగడాల తొట్టికి ఊపిరి పోసిన వీధివారికి కృతజ్ఞతలు

ధనుర్మాసం మొదలైన వారంలో ఎడతెరిపి లేకుండా కురిసిన వానకు తిరుపతిలోని మా కొర్లగుంట వీధి మలుపులోని చెట్టు కరెంటు తీగల మీద విరిగిపడింది. సాయంత్రం ఏడు గంటలకు పోయిన కరెంటు మర్నాటి రాత్రి పదకొండు గంటలకు గానీ రాలేదు. ఆ ఇరవై ఎనిమిది గంటలూ మా హాల్లోని 250 లీటర్ల ఉప్పునీటి తొట్టిని కాపాడిన వారికి నోటితో చెప్పిన ధన్యవాదాలు చాలవనిపించి ఇది రాస్తున్నాను.

ఆ తొట్టిలో ఒక జత క్లౌన్ చేపలు, ఒక క్లీనర్ రొయ్య, జీనియా, జోవాంథస్ వంటి మెత్తని పగడపు జాతులు ఉన్నాయి. గట్టి పగడాలన్నీ మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నందున వాటి జోలికి నేను పోలేదు. నీరు 26 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి. మే నెలలో నీటిని చల్లబరిచే చిల్లరు, డిసెంబరులో హీటరు పెట్టే నన్ను చూసి నవ్వే బంధువులు చాలామందే ఉన్నారు కానీ, వాన పట్టిన రాత్రుల్లో మా హాలు 20 డిగ్రీలకు దిగుతుంది.

కరెంటు పోగానే నేను చేసిన మొదటి పని తప్పు పని. చలికి చచ్చిపోతాయన్న భయంతో 300 వాట్ల హీటరును ఇన్వర్టరుకు తగిలించాను. ఆ రాత్రి పదకొండు గంటలకే ఇన్వర్టరు కూతపెట్టి ఆగిపోయింది. అంత నీటిని ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 0.3 యూనిట్ల కరెంటు కావాలని, అదే కరెంటుతో నీటిని కదిలించే 12 వాట్ల వేవ్‌మేకరు ఒక పగలూ ఒక రాత్రీ తిరుగుతుందని లెక్క వేసుకునే తెలివి నాకు బ్యాటరీ ఖాళీ అయ్యాకే వచ్చింది. టార్చి వేసి చూస్తే చేపలు రెండూ పైకి వచ్చి, నీటి అంచుకు మూతులు ఆనించి, మొప్పలు టపటపా కొట్టుకుంటున్నాయి.

అర్ధరాత్రి తలుపు కొడితే విసుక్కోకుండా లేచి వచ్చినది పై వాటాలో అద్దెకుంటూ నెల్లూరు తీరంలోని రొయ్య పిల్లల హేచరీలో పనిచేసే తమ్ముడు. "చలి సంగతి తర్వాత చూద్దాం అన్నా, ముందు గాలి ఆడనీ. సీడు, అంటే రొయ్య పిల్లల ప్యాకింగ్‌లో మేము నీళ్లను కావాలనే చల్లబరుస్తాము" అంటూ, టార్చిలైటు సెల్లులతో నడిచే చిన్న ఎయిర్ పంపును తెచ్చి తొట్టిలో బుడగరాయి వేశాడు. నీరు కాస్త చల్లబడితే అందులో ప్రాణవాయువు ఎక్కువ నిలుస్తుందని, చేపల అవసరమూ తగ్గుతుందని, కదలిక లేని నీటిలోకి మాత్రం పైనుంచి గాలి సరిగా దిగదని అతడు విడమరిచి చెప్పాడు. చీకటిలో పగడాలు ప్రాణవాయువును ఇవ్వకపోగా తామే వాడుకుంటాయి. చేపల వ్యర్థాల నుంచి పుట్టే విషమైన అమ్మోనియాను విరిచే బాక్టీరియా తొట్టిలోని రాళ్లలో ఉంటుంది, దానికీ ప్రాణవాయువే కావాలి. మేత పూర్తిగా మానేసి, అద్దాల చుట్టూ దుప్పట్లు చుట్టి, మగ్గుతో నీటిని ముంచి జానెడెత్తు నుంచి తిరిగి తొట్టిలోకే పోస్తూ తెల్లవార్లూ కూర్చున్నాము.

తెల్లవారుజామున ముగ్గు వేయడానికి బయటికి వచ్చిన ఎదురింటి పెద్దమ్మగారు మా అవస్థ చూసి, తానూ సాయం పడతానని ఇంట్లోంచి రాగి చెంబు పట్టుకొచ్చారు. ఆమె ముంచబోతుండగా తమ్ముడు ఒక్క ఉరుకున వచ్చి చేయి అడ్డం పెట్టాడు, ఎందుకంటే రాగి కాస్త కరిగినా రొయ్యకూ పగడాలకూ విషమే. "దేవుడి తీర్థం పోసే చెంబప్పా ఇది!" అని ఆమె మొదట నొచ్చుకున్నా, సంగతి తెలిశాక ప్లాస్టిక్ మగ్గు అందుకుని, తిరుప్పావై చదువుకుంటూ గంటసేపు నీళ్లు పోశారు. మా ఇంట్లో ఎవరమూ అంత ఓపికగా పోయలేదు.

పొద్దెక్కాక, వీధి చివరి బ్యాటరీ దుకాణం యజమాని అమ్మకానికి ఛార్జి ఎక్కించి ఉంచిన ఇన్వర్టరు బ్యాటరీని అడ్వాన్సు మాట కూడా ఎత్తకుండా ఇచ్చారు. యాభై కిలోలకు పైబడిన దాన్ని మోకాలి లోతు నీళ్లలో ఆటోలో తెచ్చి, మెట్లెక్కించి, బాడుగ తీసుకోకుండా వెళ్లిపోయిన ఆటో అన్నకు నేను ఇంకా బాకీ ఉన్నాను. ఈసారి ఆ బ్యాటరీకి వేవ్‌మేకరు ఒక్కటే తగిలించాను. వానలో స్తంభాలెక్కి లైను సరిచేసిన లైన్‌మన్లకు టీ పోసిన మాట నిజమే కానీ, అది వారి శ్రమకు ఏ మూలకూ రాదు.

కరెంటు వచ్చేసరికి నీరు 22 డిగ్రీలకు దిగి ఉంది. ముందు పంపు వేసి, సంపులో, అంటే తొట్టికి అనుబంధంగా ఉండే వడపోత తొట్టిలో, నీటి మట్టం సరిపడ్డాక హీటరు పెట్టి, మర్నాడంతా మెల్లగా వేడి పెంచాను. ఒక నత్త, జీనియాలో ఒక గుత్తి పోయాయి. మిగిలిన జీనియా మూడో రోజుకు మళ్లీ పిడికిలి మూసి తెరిచినట్టు కదలడం మొదలుపెట్టింది.

ఎయిర్ పంపును కొత్త సెల్లులు వేసి తమ్ముడికి తిరిగి ఇచ్చాను. అలాంటివే రెండు కొని ఇంట్లో ఉంచాను, వీధిలో ఎవరికి అవసరమైనా ఏ వేళనైనా తలుపు కొట్టవచ్చు. పెద్దమ్మగారి రాగి చెంబు ఇంకా మా గూట్లోనే ఉంది. వట్టి చెంబు తిరిగి ఇవ్వకూడదు గనుక, చిత్తూరు నుంచి కొత్త బెల్లం రాగానే నింపి తెచ్చి ఇస్తాను.