చెన్నై ఎండకు నీ మెమరీ నిలుస్తుందా?

ప్రియమైన శీనూ,

నీ ఉత్తరం చదివి ఎంత సంబరపడ్డానో మాటల్లో చెప్పలేను. పదకొండేళ్ల తర్వాత మళ్లీ ఇద్దరం ఒకే ఊళ్లో ఉండబోతున్నాం! వేళచ్చేరిలో ఇల్లు చూడమన్నావు, చూస్తున్నాను. కింది వాటా వద్దు, వానాకాలంలో నీళ్లు వస్తాయి. ఆ సంగతులు ఫోనులో మాట్లాడుకుందాం. నేను కాగితం తీసుకుని కూర్చున్నది నువ్వు చివర్లో రాసిన రెండు వాక్యాల కోసం. కొత్త కంప్యూటర్ మెమరీ (ర్యామ్) వేగాన్ని 6400కి పెంచావని, రాత్రంతా పరీక్ష నడిపితే ఒక్క తప్పూ రాలేదని, ఆ సెట్టింగులతోనే ఇక్కడికి పట్టుకొస్తానని రాశావు.

అలా పట్టుకురావద్దు, శీనూ. బెంగళూరులో రాత్రిపూట నెగ్గిన అంకెలు చెన్నైలో మే నెల మధ్యాహ్నం ఓడిపోవచ్చు. నాకు జరిగింది కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

నాది పాత తరం డీడీఆర్4 మెమరీ జత. 3200 వేగం, సీఎల్ 14 (అడిగిన డేటా ఇవ్వడానికి 14 క్లాక్ సైకిళ్ల ఆలస్యం), 1.35 వోల్టులు. కిందటి డిసెంబరులో, కిటికీ తెరిస్తే చల్లగాలి తగిలే రోజుల్లో, రెండు వారాలు కూర్చుని దాన్ని 3600కి తెచ్చాను, సీఎల్ 14 వదలకుండా. సీఎల్‌ను 2000తో గుణించి వేగంతో భాగిస్తే ఆ ఆలస్యం నానోసెకన్లలో వస్తుంది కదా, 8.75 నుంచి 7.78కి దిగింది. అందుకు 1.45 వోల్టులు ఇవ్వాల్సి వచ్చింది. మెమరీని మళ్లీ నింపడానికి ఇచ్చే సమయం టీఆర్ఎఫ్‌సీని కూడా 288 సైకిళ్లకు బిగించాను, అంటే 160 నానోసెకన్లు. మూడు రాత్రులు పరీక్షలు నడిపాను, అన్నీ నెగ్గాయి. ఇక దాని జోలికి పోలేదు.

మే నెలలో మా పిన్ని కూతురి పెళ్లి వీడియోలు నా కంప్యూటర్‌లోనే సర్దాను. వారం తర్వాత పిన్ని ఇంట్లో కూర్చుని అందరం చూస్తున్నాం. సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే చోట తెర మీద అడ్డంగా ఒక ఆకుపచ్చ పట్టీ వచ్చింది. బొమ్మ రెండు సెకన్లు ముక్కలైపోయి మళ్లీ సర్దుకుంది. పిన్ని ఏమీ అనలేదు, వెనక్కి తిప్పి మళ్లీ పెట్టమంది. మళ్లీ అదే చోట అదే పట్టీ. ఫొటోగ్రాఫర్ దగ్గర అసలు కార్డు ఇంకా చెరిపెయ్యలేదు కాబట్టి బయటపడ్డాం. కంప్యూటర్ ఆగిపోలేదు, నీలం తెర రాలేదు, ఏ హెచ్చరికా లేదు. తప్పుడు మెమరీలో నన్ను భయపెట్టేది ఇదే. అది కూలిపోతే మనకు తెలుస్తుంది. కూలిపోకుండా ఫైలులో ఒక బిట్టు మార్చేసి ఊరుకుంటే ఎప్పటికి తెలుస్తుంది?

మర్నాడు మధ్యాహ్నం ఏసీ ఆపి, గ్రాఫిక్స్ కార్డుకు పని పెట్టి, దానితో పాటు మెమరీ పరీక్ష మొదలుపెట్టాను. నోట్‌బుక్కులో రాసుకున్నది యథాతథంగా: ‘మ. 2.10. గది 36 డిగ్రీలు. మెమరీ 54. 40వ నిమిషంలో మొదటి తప్పు.’ డిసెంబరు పేజీలో మెమరీ వేడి 41 అని ఉంది. కార్డు వదిలే వేడిగాలి నేరుగా పైనున్న మెమరీకి తగులుతుంది. రాత్రి నేను నడిపిన పరీక్షల్లో ఆ కార్డు ఊరికే ఉంది, అందుకే తప్పు బయటపడలేదు. ఇక్కడ ఎండ సంగతి నీకింకా తెలియదు. సముద్రపు గాలి ఆలస్యమైన రోజు గది ఎలా ఉడుకుతుందో వచ్చాక చూస్తావు. 2003 మే 31న ఇక్కడి నుంగంబాక్కంలో 45 డిగ్రీలు నమోదైంది.

వేడికీ బిట్టుకూ సంబంధం ఏమిటంటావేమో. ఒక్కో బిట్టు ఒక చిన్న కెపాసిటర్‌లో దాచిన విద్యుదావేశం. రాబర్ట్ డెన్నార్డ్ 1968లో పేటెంటు పొందిన నాటి నుంచి మూలసూత్రం అదే: ఒక ట్రాన్సిస్టర్, ఒక కెపాసిటర్. చిల్లికుండలో నీళ్లలా ఆ ఆవేశం కారిపోతూ ఉంటుంది. అందుకే డీడీఆర్4లో ప్రతి వరుసనూ 64 మిల్లీసెకన్ల లోపు మళ్లీ నింపాలి. వేడెక్కితే చిల్లి పెద్దదవుతుంది. 85 డిగ్రీలు దాటితే రెట్టింపు సార్లు నింపాలని ప్రమాణమే చెబుతోంది. ఆ నింపే పనికి ఇచ్చే సమయమే టీఆర్ఎఫ్‌సీ. నేను దాన్ని చలికాలపు కొలతకు కత్తిరించాను.

మొదట నాకూ వోల్టేజీ పెంచాలనే అనిపించింది. 1.48 ఇచ్చి చూశాను. తప్పు 25వ నిమిషానికే వచ్చింది! వేడి వోల్టేజీ వర్గంతో పెరుగుతుంది. 1.35 నుంచి 1.45కి వెళ్లినప్పుడే దాదాపు 15 శాతం ఎక్కువ వేడిని కొని తెచ్చుకున్నాను. చివరికి 1.45కే వెనక్కి వచ్చి, టీఆర్ఎఫ్‌సీని 342కి వదులు చేసి, రిచీ స్ట్రీట్‌లో 120 మిల్లీమీటర్ల ఫ్యాను కొని మెమరీకి ఎదురుగా బిగించాను. వేడి 45కి దిగింది. ఎనిమిది గంటల పరీక్షలో ఒక్క తప్పూ లేదు. అదీ మధ్యాహ్నాలే.

ఇక నీది డీడీఆర్5. దానిలో వోల్టేజీని సర్దే చిప్పు మెమరీ పలక మీదే ఉంటుంది, ఆ వేడి కూడా దానికే. చిప్పులోనే తప్పులు సరిదిద్దే ఏర్పాటు ఉందని ధైర్యంగా రాశావు. అది చిప్పు లోపలి తప్పులకే. అక్కడి నుంచి ప్రాసెసర్‌కు వచ్చే దారిలో చెడితే అది చూడదు. నీ ఏఎండీ రైజెన్ 7000 ప్రాసెసర్ విషయంలో ఎస్‌వోసీ వోల్టేజీ, అంటే దానిలో మెమరీని నడిపే కంట్రోలర్‌కు అందేది, మరీ ముఖ్యం. ఎక్కువ వోల్టేజీకి ప్రాసెసర్లు కాలిపోయాక 2023లో ఏఎండీ దానికి 1.3 వోల్టుల హద్దు పెట్టింది. హద్దు అంటే అక్కడిదాకా వెళ్లమని కాదు, నువ్వు 1.2 దగ్గర ఆగు. అసలు లెక్క వేసి చూడు: 6000 వద్ద సీఎల్ 30 అంటే 10 నానోసెకన్లు. నీ 6400 వద్ద సీఎల్ 32 అన్నా అదే 10. ఆలస్యం రవ్వంత కూడా తగ్గలేదు. పెరిగింది ఏడు శాతం లోపు బ్యాండ్‌విడ్త్ (సెకనుకు మోసే డేటా), దానికోసం మెమరీ కంట్రోలర్‌ను అంచు దాకా లాగడం ఎందుకు? నా మాట విని 6000కి దిగు. తర్వాత టీఆర్ఎఫ్‌సీ లాంటి రెండో వరుస టైమింగులు ఒక్కొక్కటే బిగిద్దాం, అసలు లాభం అక్కడుంది. ప్రాసెసర్ కోర్ల వోల్టేజీ తగ్గించడం అప్పటిదాకా ముట్టుకోకు. రెండూ కలిపి మారిస్తే తప్పు ఎవరిదో తేలదు.

పెట్టె సర్దే ముందు మదర్‌బోర్డు సెట్టింగులుండే బయాస్‌ను మామూలు స్థితికి తెచ్చెయ్యి, నీ అంకెలు కాగితం మీద రాసుకో. ఇక్కడ మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర నిమిషాల తరబడి నల్లగా ఉండవచ్చు. బోర్డు మెమరీకి సరిపడే కొలతలు వెతుక్కునే ‘మెమరీ శిక్షణ’ జరుగుతోందని అర్థం, కంగారుపడి స్విచ్ ఆపకు. మీ అమ్మగారి పాత ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయన్నావు కదా, బయలుదేరే ముందు వేరే డ్రైవులో ఒక నకలు తీసి చేతిసంచిలో పెట్టుకో.

సామాను దిగిన మొదటి ఆదివారం మెమ్‌టెస్ట్ ఎక్కించిన పెన్‌డ్రైవు, ఒక ఫ్యాను తీసుకుని వస్తాను. భోజనం చేసి, ఏసీ ఆపి, రెండు గంటలకు మొదలుపెడదాం.

అమ్మగారికి నమస్కారాలు చెప్పు.

నీ
ప్రసాదు